రోకలి నిలబడ్డ మధ్యాహ్నం

మా బిడ్డకు ఇప్పుడు ఐదో నెల. కాన్పుకు ఇంకా చాలా రోజులున్నా ముందే జనగామకు, మా ఇంటికి వచ్చి కూర్చుంది. మొన్న పొద్దున చాయ్ తాగుతూ ఫోన్లో ఏదో చదివి వినిపించింది. ఈ ఏడాది ఆకాశంలో జరిగేవన్నీ అందులో వరుసగా రాశారట. గ్రహణాలు నాలుగు. పగలూ రాత్రీ సమానంగా ఉండే రోజులు రెండు. అన్నిటికన్నా పొడుగు పగలు ఒకటి, పొడుగు రాత్రి ఒకటి. నాలుగు గ్రహణాల్లో మన దగ్గర కనిపించేది ఒక్కటేనట. అదీ కాముని పున్నమి నాడు, చంద్రుడు పొడిచేసరికే పట్టి ఉంటుందట.

"అత్తమ్మ ఫోన్ చేసిందమ్మా. గ్రహణం నాడు కదలకుండ పండుకోవాలెనంట. డాక్టరమ్మనేమో గసుంటివేం లేవు, మంచిగ తిని తిరుగు అంటది. నువ్వేమంటవ్?" అని అడిగింది.

గ్లాసు పట్టుకుని వంటింట్లోకి పోయాను. అక్కడ తలుపు మూలన మా పాత రోకలి నిలబెట్టి ఉంది. దాన్ని చూసేసరికి గడపలోనే ఆగిపోయాను. ఇంత వయసొచ్చి, అమ్మమ్మను కాబోతూ, ఒక కట్టె ముక్కను చూసి భయపడతానా అని నా మీద నాకే కోపమొచ్చింది. అయినా భయం భయమే.

అప్పుడు మేం నెల్లికుదురులో ఉండేవాళ్లం. ముందర కిరాణా దుకాణం, వెనక గూనపెంకుల ఇల్లు, ఆ వెనక పెరడు. ఇల్లంతా ఎండుమిర్చి, బెల్లం, గోనెసంచుల వాసన వేసేది. బళ్లో నా పక్కన కూర్చున్న వాళ్లు తుమ్ముతుంటే నాకు గొప్పగా ఉండేది. దుకాణం బాపుది, ఆయన తమ్ముడు చిన్నాయినది. ఇల్లు మాత్రం నాయినమ్మది. ఆమె మాట దాటి మా ఇంట్లో పిల్లి కూడా గడప దాటేది కాదు.

చిన్నాయిన భార్యను నేను చిన్నమ్మ అనేదాన్ని. పెద్దవంగర నుంచి వచ్చిన కోడలు. సన్నగా, నెమ్మదిగా ఉండేది. నా జడ వేసేటప్పుడు కొంగులోంచి నాలుగు పుట్నాలు తీసి నా చేతిలో పెట్టేది. చిక్కు తీస్తే ఏడవకుండా ఉండేందుకు అది లంచం. అప్పటికి ఆమెకు రెండు కాన్పులు పోయాయి. ఒకటి ఏడో నెలలో, ఇంకొకటి పుట్టిన మూడో రోజున. రెండూ పుట్టింట్లోనే జరిగాయి కనుక, మూడోసారి నాయినమ్మ ఆమెను పెద్దవంగరకు పంపనని చెప్పేసింది. సూర్యగ్రహణం వచ్చే నాటికి ఐదో నెల నిండింది.

అది మామూలు గ్రహణం కాదు. పట్టపగలే చీకటి పడే గ్రహణం. వారం ముందు నుంచే దుకాణానికి వచ్చేవాళ్ల నోట్లో అదే మాట. పోయిన పొద్దు మళ్లీ రాదట అని ఒకరు, నీళ్లు విషమవుతాయట అని ఒకరు. ఉప్పు, దీపాలకు గాసునూనె ఎక్కువెక్కువ కొనుక్కుపోయారు. బళ్లో మా సారు కందిలి వెలిగించి, దాని ముందు బంతి పట్టుకుని చూపించాడు. "నడుమ చంద్రుడు అడ్డమొస్తడు, జరసేపటికి పోతడు. భయమెందుకు?" అన్నాడు. తీరా ఆ రోజు వచ్చాక అందరికన్నా ముందు తలుపులు బిగించుకున్నది ఆయనే. మా ఇంటి ఎదురిల్లే కదా, గడియ వేసిన చప్పుడు నా చెవులతో విన్నాను.

ఆ రోజు పొద్దున్నే సర్వపిండి తినిపించి, ఇక గ్రహణం విడిచేదాకా మంచినీళ్లు కూడా లేవన్నారు. నేను ఒక ముక్క గౌను జేబులో దాచుకున్నాను. మిగిలినదంతా నాయినమ్మ గోడ అవతల ఆవుకు పెట్టించింది. తొక్కు జాడీల మీద, బియ్యం కుండ మీద గరిక పోచలు వేసింది. దుకాణం మూసి అమ్మ, బాపు, చిన్నాయిన ముందు గదిలో కూర్చున్నారు. నాయినమ్మ చిన్నమ్మను నడిమి ఇంట్లో చాప మీద వెల్లకిలా పడుకోబెట్టి, కిటికీలకు గోనెసంచులు కుక్కింది.

"చేతులు ముడవకు. కాళ్లు ముడవకు. గోకవద్దు. గాజులు సప్పుడు కావద్దు. పిన్నీసు తీసిపెట్టు. నువ్వేం కోసినా, ఏం తెంపినా, లోపల బిడ్డ మూతి తెగుతది" అని మళ్లీ మళ్లీ చెప్పింది. చిన్నమ్మ అన్నిటికీ తల ఊపబోయి, తల కూడా కదలకూడదేమోనని ఆగిపోయింది.

తర్వాత ఇత్తడి తాంబాళంలో పసుపు నీళ్లు పోసి, నడుమ రోకలి నిలబెట్టింది. చేతులు మెల్లగా తీసేసింది. రోకలి పడలేదు. ఎవరూ పట్టుకోకుండా నిలబడి ఉంది.

"పట్టింది" అంది నాయినమ్మ. "విడిచినప్పుడు దానంతట అదే పడుతది. నా కండ్లకు మసక వచ్చె. నీ కండ్లు మంచిగున్నయి, నువ్వు సూసుకుంట కూసో బిడ్డా. ముట్టకు. పడ్డంక నాకు చెప్పు. అప్పటిదాక మీ చిన్నమ్మ లేవద్దు."

ఆమె గడప దగ్గర మాకు వీపు పెట్టి కూర్చుని నారాయణ, నారాయణ అనుకోసాగింది. నేను తాంబాళం ముందు కూర్చున్నాను.

పెంకుల సందుల్లోంచి రోజూ మా గోడ మీద గుండ్రటి వెలుగు చుక్కలు పడేవి, పైస బిళ్లలంత. ఆ మధ్యాహ్నం అవి ఒక పక్క కొరికినట్టు అయ్యాయి. చూస్తుండగానే అన్నీ ఒకేసారి చంద్రవంకలయ్యాయి. గోడ నిండా సన్నటి చంద్రవంకలు. తర్వాత అవి కూడా సన్నబడి, సన్నబడి, పోయాయి.

చీకటయింది. రాత్రి చీకటి లాంటిది కాదది. రాత్రి మెల్లగా వస్తుంది, ఇది పైనుంచి పడింది. పెరట్లో కోళ్లు గంప కిందికి పోయిన చప్పుడయింది. ఎక్కడో కుక్క ఒకటి ఏడ్చి ఆగిపోయింది. ఊరిలో మనిషి గొంతు లేదు. నాయినమ్మ నారాయణ అనడం కూడా మానేసింది. నేను జేబులోని సర్వపిండి ముక్కను గట్టిగా పట్టుకున్నాను, అది పొడి పొడి అయిపోయింది. ఇక ఎప్పటికీ ఇంతేనేమో, బాపు ముఖం మళ్లీ చూడనేమో అనుకున్నాను.

అంతలో కోడి కూసింది. గోడ మీద సన్నటి గీతలు మళ్లీ పుట్టాయి, ఈసారి అటు తిరిగిన చంద్రవంకలు. గదిలోకి కొంచెం వెలుతురు వచ్చింది. రోకలి మాత్రం అలాగే నిలబడి ఉంది.

"పడ్డదా?" అని చిన్నమ్మ గుసగుసగా అడిగింది.

"పడలే."

కాసేపటికి మళ్లీ అడిగింది. మూడోసారి అడిగినప్పుడు ఆమె చెంపల పక్కనుంచి నీళ్లు కారి చాప తడిసి ఉంది. చేతులు ముడవకూడదు కనుక తుడుచుకోలేదు.

"పొద్దటి సంది కడుపుల కదుల్తలేదు బిడ్డా" అంది. "ముందటోళ్లు గూడ గిట్లనే ఊకున్నరు. జర లేచి నాలుగడుగులేస్తే కదుల్తదేమో. రోకలి ఎప్పుడు పడుతది?"

నాకేం తెలుసు? నాకు తెలిసిందల్లా ఆమె ఏడుస్తున్నదని. నాయినమ్మను పిలిస్తే లేవద్దనే అంటుంది. గోడ మీద చంద్రవంకలు ఇంకా ఉన్నాయి. గ్రహణం విడవలేదని నాకు బాగా తెలుసు. తెలిసే కాలు చాపి, బొటనవేలితో రోకలిని తోశాను.

అది తాంబాళాన్ని తన్నుకుని పెద్ద చప్పుడుతో పడింది. పసుపు నీళ్లు నా గౌను మీద పడ్డాయి.

"పడ్డది నాయినమ్మా" అన్నాను.

నాయినమ్మ దండం పెట్టుకుని తలుపు తీసింది. చిన్నమ్మ లేచి పెరట్లోకి దాదాపు పరుగెత్తింది. బావి గోడను ఆనుకుని, కడుపు మీద చేయి పెట్టుకుని కళ్లు మూసుకుంది. ఆకలికి కళ్లు తిరిగాయనుకున్నాను. నాయినమ్మ మా మీద నీళ్లు చల్లి, పొయ్యి కడిగి, వంటకు పురమాయించింది.

"నాలుగు వంకాయలు తరుగు బిడ్డా. పొద్దుగాల సంది ఉపాసముంటివి, జల్ది వండుకుందాం" అని చిన్నమ్మతో అంది.

చిన్నమ్మ ఒక్క క్షణం నా వైపు చూసింది. తర్వాత మునగచెట్టు కింద కత్తిపీట వాల్చుకుని కూర్చుంది. మునగాకు సందుల్లోంచి ఎండ పడుతోంది. నేల మీద, వంకాయల మీద, ఆమె చేతుల మీద అన్నీ చంద్రవంకలే. మొదటి వంకాయ కోసేటప్పుడు ఆమె కళ్లు మూసుకుంది. వద్దు చిన్నమ్మా అని అరవాలనుకున్నాను. అరిస్తే రోకలి సంగతి బయటపడుతుంది. ఆ రోజు నోరు మూసుకున్నందుకు ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను.

రెండో వంకాయ సగంలో ఉండగా బాపు వచ్చాడు. "అప్పుడే లేచిండ్రా? ఇంక అర్ధగంట ఉన్నదంటున్నరు రేడియోల" అన్నాడు.

"రేడియోకేం ఎరుక? మన రోకలి పడ్డది" అని నాయినమ్మ కసిరింది. అని, చిన్నమ్మ వైపు తిరిగింది. నాయినమ్మ ముఖం వాడిపోయింది. వచ్చి చిన్నమ్మ ముందు నుంచి కత్తిపీట తీసుకుపోయింది. కోసిన వంకాయ ముక్కలను తన చేతులతోనే పెరట్లో గుంత తీసి పూడ్చింది. ఆ రాత్రి మేం పచ్చిపులుసు పోసుకుని తిన్నాం.

అప్పటి నుంచి నాకు భయం తప్ప ఇంకో పని లేదు.

ఒకరోజు మధ్యాహ్నం అందరూ పడుకున్నప్పుడు తాంబాళం దించి, నీళ్లు పోసి, రోకలి నిలబెట్టాను. నిలబడదు, గ్రహణం లేదు కదా అని నా నమ్మకం. అది నిలబడింది. అడుగున ఇనుప పొన్ను సాపుగా ఉంటే ఏ రోజైనా నిలబడుతుందని ఇప్పుడు మీకూ నాకూ తెలుసు. అప్పుడు నాకు తోచింది వేరు. ఊరంతటినీ విడిచిన గ్రహణం మా ఇంటిని విడవలేదు, నేను బలవంతంగా పడగొట్టాను కనుక అది లోపలే చిక్కుకుపోయింది అనుకున్నాను. ఆ తర్వాత నెల రోజులు నేను నడిమి ఇంట్లో పడుకోలేదు. మిర్చి బస్తాల పక్కన పడుకుని తుమ్ముతూ తెల్లవార్చాను.

మా తరగతిలో ఒక దర్జీ కూతురు ఉండేది. పుట్టుకతోనే పైపెదవి చీలి ఉండేది. పిల్లలంతా గ్రహణం మొర్రి అని ఏడిపించేవాళ్లు, నేనూ అన్నదాన్నే. ఇప్పుడు పోయి ఆమె పక్కన కూర్చున్నాను. రోజూ ఆమె పెదవినే చూసేదాన్ని. చివరికి ఒకరోజు పుట్నాలు చేతిలో పెట్టి అడిగాను.

"మీ అమ్మ గ్రహణం నాడు ఏం కోసింది?"

ఆమె పుట్నాలు తినలేదు. "మా అమ్మ ఏం కోయలేదంటది" అంది. "మిషిను గూడ ముట్టలేదంట. పండుకునే ఉన్నదంట. ఎవ్వరు నమ్మరు. మా బాపు గూడ నమ్మడు."

అది విన్నాక నా భయం తగ్గాలి కదా. తగ్గలేదు, రెండింతలైంది. ఏం చేయకపోయినా అలా అయితే, చేసినదానికి ఇంకెంత కావాలి? ఆమెకు నేను పెట్టిన పుట్నాలు ఆమె నాకు తిరిగి ఇచ్చేసింది. నేను సిగ్గులేకుండా తీసుకున్నాను.

ఎండలు ముదిరే ముందు సారు బడి వాకిట్లో ఒక కట్టె పాతి, మిట్టమధ్యాహ్నం దాని నీడ ఎక్కడిదాకా పడితే అక్కడ సున్నంతో గీత గీయించాడు. "ఇయ్యాల పగలు రాత్రి సమానం. ఇగ పగలు పెరుక్కుంట పోతది. ఈ నీడ పొట్టిగైతది. వానలు పడే యాళ్లకు అన్నిటికంటె పెద్ద పగలొస్తది" అన్నాడు. చిన్నమ్మ నీళ్లాడేది కూడా వానలు పడే వేళకేనని మంత్రసాని చెప్పి పోయింది. బడికి సెలవులిచ్చాక కూడా నేను రోజూ పోయి ఆ కట్టె నీడ చూసి వచ్చేదాన్ని. అది గీతను వదిలి జానెడు, బెత్తెడు తగ్గుతూ వచ్చింది. ఒక దశలో కట్టె మొదట్లో నీడే లేకుండా పోయింది. నాకు ఆకలి పోయింది. పిల్లకు దిష్టి తగిలిందని అమ్మ ఎర్రనీళ్లు తిప్పి పారబోసింది.

చిన్నమ్మ కూడా మాట తగ్గించింది. జడ వేసేటప్పుడు నన్నేమీ అడిగేది కాదు. నేనూ ఆమె ముఖంలోకి చూసేదాన్ని కాదు. నాయినమ్మ చూస్తే శుక్రవారం ఒక మొక్కు, శనివారం ఒక మొక్కు.

నొప్పులు మొదలైన రోజే పెద్ద పగలు అని సారు చెప్పాడు. అది నిజంగానే పెద్దది. పొద్దు పొడిచాక మొదలైన మూలుగు పొద్దు వాలుతున్నా ఆగలేదు. నేను దుకాణంలో బెల్లం బుట్టల వెనక ముడుచుకుని, చెవుల్లో వేళ్లు పెట్టుకుని కూర్చున్నాను. వేళ్లు తీసేసరికి పసిపిల్ల ఏడుపు వినిపించింది. అయినా బుట్టల వెనక నుంచి లేవలేదు.

నాయినమ్మే వచ్చింది, పాత చీర ముక్కలో బిడ్డను పట్టుకుని. వాకిట్లో ఎండ ఇంకా ఉంది. బిడ్డ ముఖాన్ని వెలుతురుకు తిప్పింది. వేలితో మూతిని మళ్లీ మళ్లీ తడిమింది.

"నీ కండ్లు మంచిగున్నయి. మూతి సూడు బిడ్డా" అంది.

నేను కళ్లు మూసుకున్నాను.

"సూడు. ఈపారన్న నిజం చెప్పు."

ఈసారైనా అని ఎందుకందో నేనెప్పుడూ అడగలేదు. రోకలి సంగతి ఆమెకు తెలిసిపోయిందేమో, ఆ మాట ఆమెతోనే పోయింది. నేను కళ్లు తెరిచాను. చిన్న ఎర్రటి మూతి, కిందా పైనా నిండుగా, ఎక్కడా గీత లేదు. ఆవులించింది.

"మంచిగున్నది నాయినమ్మా" అన్నాను. అని, బెల్లం బుట్టల మధ్యనే కూలబడి ఏడ్చాను. నాయినమ్మ కూడా గడప మీద కూర్చుని ఏడ్చింది.

ఆ పిల్లవాడు పెరిగి పెద్దవాడై భూపాలపల్లిలో బొగ్గు గనిలో ఉద్యోగం చేశాడు. నేను చూడబోయినప్పుడు చిన్నమ్మ అతని క్వార్టర్లో మంచం మీద ఉంది. పళ్లు ఊడిపోయినా పుట్నాలు మాత్రం కొంగులో ఉన్నాయి. ఇక ఎన్నాళ్లుంటుందోనని, ఇప్పుడైనా చెప్పకపోతే నాకు మనసున పట్టదని మొదలుపెట్టాను.

"చిన్నమ్మా, గ్రహణం నాడు రోకలి..."

"నువ్వే తోసినవ్. నేను సూస్తనే ఉంటి" అంది. "గోడ మీద ఇంక చంద్రవంకలు ఉండె గద. ఎరుకుండే లేచిన."

నేను అడిగాను. "మరి వంకాయలెందుకు కోసినవ్?"

"బావికాడికి పోంగనే కడుపుల తన్నిండు. ఇగ దేనికి భయపడాలె అనిపించింది. అంతట్ల మీ నాయినమ్మ తరగమన్నది. నేను తరగనంటే ఎందుకంటది. నువ్వు దొరికిపోతవ్. రేపు ఏమన్న అయితే పిల్ల మొకాన పెడ్తరు జన్మంత. పెడితే నా మొకాన పెట్టనియ్యి అనుకున్న." నవ్వింది. "భయం తర్వాత పడ్డది. నాలుగు నెలలు రోజూ సచ్చిన బిడ్డా."

నాలుగు నెలలు. ఒకే ఇంట్లో, ఒకే దువ్వెన పట్టుకుని, ఆమె నా వెనకా నేను ఆమె ముందూ కూర్చుని, ఇద్దరం ఒకే భయంతో చచ్చాం. ఒక్క మాట అనుకోలేదు. నేను ఆమె చేతులు పట్టుకుని ఎంత ఏడ్చానో చెప్పలేను. తిరిగి వచ్చేటప్పుడు, ఇన్నాళ్లూ దాచుకున్న ఆ రోకలి నాకిచ్చింది. "నువ్వే తోసినవ్ గద, నువ్వే మొయ్యి" అంది. భూపాలపల్లి నుంచి జనగామ దాకా బస్సులో దాన్ని మోసుకొస్తుంటే కండక్టరు నాకూ దానికీ టికెట్ కొట్టాడు. ఆ ఏడే చిన్నమ్మ పోయింది.

ఇదంతా మొన్న మా బిడ్డకు చెప్పాను. చల్లారిన చాయ్ ముందు పెట్టుకుని విన్నది. చివర్లో ఆమె చేయి కూడా కడుపు మీదికి పోయింది, ఆనాడు బావి దగ్గర చిన్నమ్మ చేయి పోయినట్టే.

"మరి నేనేం చెయ్యాలె అమ్మా? పండుకోవాల్నా, లేవాల్నా?"

నాకు చదువుకున్న సమాధానమూ తెలుసు, నాయినమ్మ సమాధానమూ తెలుసు. ఏది చెప్పబోయినా చెవుల్లో ఆ పసుపు నీళ్ల తాంబాళం చప్పుడే.

"నాకు భయమైతంది బిడ్డా, అబద్ధమెందుకు చెప్పాలె" అన్నాను. "నువ్వు పండుకుంటవో, కూసుంటవో, వంకాయలే తరుగుతవో నీ ఇష్టం. నేను నీ పక్కకే ఉంట. రోకలి దిక్కు మాత్రం సూడ, నీ మొకమే సూస్త. లోపల కదలకున్నా, నీకు భయమైనా, నాతోని చెప్పు. చెప్పకుండ మాత్రం ఉండకు."

ఆమె మెల్లగా అంది, "నాకు గూడ భయమైతంది అమ్మా. మొన్నటి సంది."

జరిగి ఆమె పక్కన కూర్చున్నాను.